తువాలు కింద ధర

యాత్ర చేసి వచ్చినవారు సాధారణంగా ఆనందంతోనో ఆశ్చర్యంతోనో రాస్తారు. నేను అసూయతో రాస్తున్నాను. ఈ సంగతి ముందే చెప్పడం న్యాయమని తోచింది. నా మాటల్లో ఎంత తీసివెయ్యాలో, ఎంత ఉంచుకోవాలో చదివేవారు తామే తేల్చుకోవచ్చు.

మాది కోనసీమ. కాలేజీలో ఉన్నన్నాళ్ళూ వక్తృత్వ పోటీలే నా లోకం. ఏ విషయం ఇచ్చినా అటువైపూ ఇటువైపూ కూడా వాదించగలిగేదాన్ని. చదువు ముగించుకుని ఇంటికి వచ్చాక మా వీధి ఆడవాళ్ళ చేత పొదుపు సంఘం పెట్టించాను. నియమావళి నేనే రాశాను. సమావేశానికి కనీసం ఎంతమంది హాజరు కావాలి, తీర్మానం ఎవరు ప్రతిపాదించాలి, ఎవరు బలపరచాలి, అధ్యక్షురాలి అధికారాలు ఎంతవరకు అన్నీ అందులో ఉన్నాయి. ఒక్క వాక్యంలో కూడా తప్పు పట్టడానికి వీలులేదు. ఏడాది తిరిగేసరికి ఆ సమావేశాలకు నేనూ మా పిన్నీ మాత్రమే మిగిలాము.

సరిగ్గా అప్పుడే సువార్త పేరు వినబడసాగింది. గుంటూరు కాలేజీ తరఫున పోటీలకు వచ్చి, నాకు ఎదురుగా నిలబడి, మధ్యలో మాట మరిచిపోయి, "అంతేనండీ" అని కూర్చునే అమ్మాయి ఈ సువార్త. నాకు మొదటి బహుమతి, ఆమెకు ప్రోత్సాహక బహుమతి. ఎక్కడ పోటీ జరిగినా ఇదే వరస. ఆమె ఇప్పుడు వినుకొండ అవతల, ప్రకాశం జిల్లా పొలిమేరలో, తన సొంత ఊరి చుట్టుపక్కల పొదుపు సంఘాలను చూసుకునే ఉద్యోగంలో చేరిందట. ఆమె సంఘాలకు అప్పు ఇవ్వడానికి బ్యాంకువాళ్ళే జీపు వేసుకుని వెళతారట. మా ఇద్దరినీ ఎరిగిన స్నేహితురాలు ఈ మాట నాకు రెండుసార్లు చెప్పింది. రెండోసారి చెప్పవలసిన అవసరం లేదు.

"వచ్చి చూడవే భారతీ" అని సువార్త ఫోనులో పిలిచింది. నేర్చుకోవడానికి వెళుతున్నానని ఇంట్లో చెప్పాను. లోపం పట్టుకోవడానికి వెళుతున్నానని నాకు తెలుసు.

గుంటూరు

గుంటూరులో ఊరికంటే ముందు ఘాటు ఎదురువస్తుంది. మార్చి నెల. మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగినప్పుడల్లా ఆటోలో ఉన్నవాళ్ళం ఒకరి తర్వాత ఒకరం తుమ్మాము. డ్రైవరు ఒక్కడే తుమ్మలేదు. అద్దంలోంచి నన్ను చూసి, "కొత్తా అండీ? రెండ్రోజులుంటే ముక్కు ఊరుకుంటది లెండి" అన్నాడు.

బస్టాండు ఎదుట హోటల్లో ఇడ్లీ ప్లేటు ఐదు రూపాయలు. మా వైపు ఇడ్లీ పక్కన కొబ్బరి పచ్చడి తెల్లగా, సాధువుగా ఉంటుంది. ఇక్కడ ఇడ్లీ మీద కారప్పొడి దట్టంగా చల్లి, దాని మీద నెయ్యి పోసి తెచ్చాడు. నేను కారం అడగలేదన్నాను. "అడిగేదేముందమ్మా, ఇడ్లీ అంటే ఇదే" అని సర్వరు వెళ్ళిపోయాడు. వాదించడానికి నోరు తెరిచేసరికి ఆ నోరు వాదించే స్థితిలో లేదు.

యార్డు చూడకుండా వెళ్ళకూడదని లోపలికి నడిచాను. గోతాలను అక్కడ టిక్కీలంటారు. టిక్కీలు గోడల్లా పేర్చి ఉన్నాయి, ఆ గోడల మధ్య సందులు, సందుల్లో రైతులు. రైతు తన సరుకు పక్కనే తువాలు పరుచుకుని కూర్చుంటాడు. కొనేవాడు వచ్చి, గోతాం మూతి విప్పించి, గుప్పెడు కాయలు తీసి, ఒకటి విరిచి చూసి, ఏమీ అనకుండా సాగిపోతాడు. ఆ పోయినవాడి వీపు వంక రైతు చాలాసేపు చూస్తాడు. మా వైపు ధాన్యం కొనేవాడు ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, ఆ తర్వాత ధర ఎత్తుతాడు. ధర రెండుచోట్లా ఒకే తీరుగా తేలుతుందేమో, నాకు తెలియదు. మజ్జిగ తేడా మాత్రం ఉంది.

నరసరావుపేట మీదుగా వినుకొండ వెళ్ళే బస్సులో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నారు. సరుకు అమ్ముకుని ఇంటికి వెళుతున్న మిరప రైతు. ఏ ఊరని అడిగి, కోనసీమ అనగానే తలపంకించారు.

"కొబ్బరిచెట్ల దేశం. మీకేం తల్లీ, కాయ కోయకపోయినా చెట్టు మీద ఆగుద్ది. కాలవలో నీళ్ళు ఎవరినీ అడగకుండా వస్తాయి."

"మీకూ మంచి పంటే కదండీ. ఎక్కడ చూసినా ఎర్రగా ఉంది."

"ఎర్రగా ఉంటే? విత్తనం మందుల కొట్టాయనది. మందు ఆయనది. గోతాం ఆయనది. చేను ఒక్కటే నాది. అది కూడా కౌలుది."

"పంట మీ చేతికి వచ్చాక ఇంకెవరికైనా ఎక్కువ ధరకు అమ్ముకోవచ్చు కదా? చట్టప్రకారం మిమ్మల్ని ఆపే హక్కు ఆయనకు లేదు."

ఆయన నా వైపు పూర్తిగా తిరిగి కూర్చున్నారు. "అమ్ముకోవచ్చు. మళ్ళీ జూన్‌లో మందు ఎవరిస్తారు? నువ్విస్తావా?"

వెనక సీట్లో ఎవరో, "ఇస్తే నాకూ రెండు డబ్బాలు చెప్పమ్మోయ్!" అన్నారు. బస్సంతా నవ్వింది. ఆయన చెప్పిన కాలువ మీద నాకు ఏమాత్రం హక్కు లేకపోయినా, ఆయన అసూయపడిన తీరు చూసి నాకు కొంచెం ధైర్యం కలిగింది. ఈ రోగం నా ఒక్కదానిదే కాదు.

వినుకొండ

వినుకొండలో బస్సు దిగీదిగకముందే కొండ కనబడుతుంది. సువార్త టీవీఎస్ బండి స్టాండు వేసి, దాని మీద చెయ్యి ఆనించి నిలబడి ఉంది. ఎండకు బాగా నల్లబడింది. నన్ను చూసి ఏదో చెప్పబోయి, మాట అందక, చెయ్యి పట్టుకుంది. నాలుగేళ్ళలో ఏమీ మారలేదని నాకు లోపల తృప్తి కలిగింది. ఆ తృప్తి బజ్జీల బండి దాకా కూడా నిలవలేదు.

రోడ్డు దాటేలోపల ఆమెను ముగ్గురు ఆపారు. ఒకామె బిడ్డ జ్వరం గురించి చెప్పింది. ఒకాయన తన భార్య సంఘంలో వాయిదా ఎగ్గొట్టలేదనీ, ఊరికి వెళ్ళిందనీ సంజాయిషీ ఇచ్చుకున్నాడు. అందరూ మాట పూర్తిచేసి ఆమె ముఖం వంక చూస్తూ ఆగుతారు. ఆమె ఆలోచించి ఒక్క ముక్క చెబుతుంది. వాళ్ళు సరేనని వెళతారు. నేను మాట్లాడినప్పుడు మనుషులు చప్పట్లు కొట్టారు. ఇట్లా ఆగడం ఎప్పుడూ చూడలేదు.

బజ్జీ రూపాయి. మిరపకాయ చీల్చి, వాము పెట్టి, వేయించాక మళ్ళీ చీల్చి ఉల్లిపాయ కూరి, నిమ్మరసం పిండి ఇచ్చాడు. "సువార్తమ్మా, చుట్టాలా?" అని అడిగాడు.

"స్నేహితురాలు. పోటీల్లో నన్ను ప్రతిసారీ ఓడించింది ఈమే!"

ఆ మాట ఆమె ఎంతో గర్వంగా చెప్పింది. అందులో ఎక్కడైనా వ్యంగ్యం దాగి ఉందేమోనని బజ్జీ తింటున్నంతసేపూ వెదికాను. లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది.

ఎస్తేరమ్మ కల్లం

వినుకొండ దాటాక నేల నల్లగా, చెట్లు దూరదూరంగా ఉంటాయి. చేలల్లో ఎండిన పత్తికట్టె, మధ్యమధ్య మిరపకాయలు ఎండబోసిన కల్లాలు. పత్తిని పురుగు తిన్న సంవత్సరాల గురించి సువార్త బండి నడుపుతూనే చెప్పింది. ఎంత కొట్టినా పురుగు చావలేదట, మందుల బాకీ మాత్రం పెరిగిందట. అందుకే చాలామంది పత్తి తగ్గించి మిరప వేశారు. బాకీ మాత్రం పత్తి నుంచి మిరపకు మారి అట్లాగే నడిచింది.

మాకు భోజనం ఎస్తేరమ్మ ఇంట్లో. ఎస్తేరమ్మ సంఘంలో సభ్యురాలు, నలభై దాటిన మనిషి, భర్త దానియేలుతో కలిసి ఎకరంన్నర కౌలుకు చేస్తుంది. జొన్నన్నం, గోంగూర, పండుమిరపకాయ పచ్చడి పెట్టింది. నేను నీళ్ళు తాగుతున్న వేగం చూసి నవ్వింది.

"మీ దేశంలో కూరలో బెల్లం ఏసుకుంటారంటగా అమ్మాయ్, నిజమేనా?"

"కొన్ని కూరల్లోనేనండి."

"మరి పాయసం కాయడం ఎందుకు? కూరే తాగొచ్చుగా!"

దానియేలు అరుగు మీద నుంచి పెద్దగా నవ్వాడు. ఆమె అతని వైపు చూడగానే ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో తర్వాత తెలిసింది.

భోజనమయ్యాక కల్లంలోకి వెళ్ళాము. కోతలు చివరికొచ్చాయి. ఎర్ర కాయల్లోంచి తెల్లబడిన తాలు కాయలు ఏరుతున్న ఆడవాళ్ళ పక్కన నేనూ కూర్చుని ఏరాను. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. కాసేపటికి నుదుటి చెమట తుడుచుకుంటూ కన్ను కూడా తుడుచుకున్నాను. ఆ తర్వాత ఏం జరిగిందో రాయడం అనవసరం. ఎస్తేరమ్మ పక్కింటికి పరిగెత్తి గిన్నెలో చల్ల తెచ్చి, నా కన్ను కడిగింది. "మా ఇంట్లో పాడి ఉంటే అడుక్కోవాల్సిన పని లేకపోను" అంది. ఆ కన్నుతో చూస్తూనే ఆమె అవస్థ ఏమిటో విన్నాను.

విషయం ఇది. ఆ కల్లంలో ఉన్న పంట మీద మందుల కొట్టాయన బాకీ ఉంది. రెండు రోజుల్లో ఆయన బండి వస్తుంది. బాకీ కింద కాయ తీసుకుంటాడు, ధర ఆయన చెప్పిందే. అట్లా కాకుండా కాయను గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని, ధర వచ్చినప్పుడు అమ్ముకోవాలంటే, అప్పటిదాకా ఆయనకు వారంవారం కొంత కడుతూ ఉండాలి. ఆ కొంత పాల మీద రావాలి. పాలు రావాలంటే బర్రె కావాలి. మేము గేదె అంటాము, అక్కడ బర్రె. సంఘం పూచీ మీద బ్యాంకు ఆమెకు అప్పు మంజూరు చేసింది. కానీ మార్చి నెలాఖరుకు లెక్కలు మూస్తారు. ఆ లోపల బర్రెను కొనకపోతే మంజూరైన సొమ్ము వెనక్కి పోతుంది. నెలాఖరులోపల మిగిలింది ఒక్కటే సంత. అది మర్నాడే.

"అయితే రేపు వెళ్ళి కొనడమే కదా, కష్టమేముంది?" అన్నాను.

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ సాయంత్రం సంఘం సమావేశమైంది. చర్చి వసారాలో చాపలు పరిచారు. ఒకామె రాలేదు. మా ఊళ్ళో అయితే నా నియమావళి ప్రకారం హాజరు చాలలేదని వాయిదా వేసేవాళ్ళం. వీళ్ళు చాపలు చుట్టి చంకన పెట్టుకుని, ఆ రాని ఆమె వాకిట్లోకి వెళ్ళి పరిచారు. లోపల పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన. "వచ్చామే ఖాశింబీ, మాడితే మాడనీ, ముందు కూర్చో!" అని అరిచారు. ఆమె తిట్టుకుంటూ, నవ్వుకుంటూ, చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. సమావేశమే మనిషి దగ్గరికి నడిచి వెళ్ళవచ్చునని నాకు ఎప్పుడూ తట్టలేదు. ఇంత చిన్న సంగతి తట్టనందుకు కాదు, అది సువార్తకు తట్టినందుకు నాకు నిద్ర చెడింది.

సంత చిక్కు ఏమిటో అక్కడే అర్థమైంది. పశువుల సంతలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ తువాలు కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టుకుని బేరమాడతారు. వేలికి ఇంత, కణుపుకి ఇంత. మగవాళ్ళ చెయ్యి మగవాళ్ళ చేతిలోనే. క్రితం ఏడు సంఘం కొన్న బర్రెకు బేరమాడిన చెయ్యి దానియేలుది. తువాలు కింద ఒక ధర తెగింది, పైకి వచ్చి ఇంకో ధర చెప్పాడు. తేడా అతనూ దళారీ పంచుకున్నారు. కొన్నాళ్ళకు అమ్మినవాడే ఈ ఊరి మీదుగా పోతూ అసలు ధర చెప్పేదాకా ఎవరికీ తెలియదు. ఆ తేడాను దానియేలు చేత మిరప కోత కూలితో వసూలు చేశారు. ఆ రోజు నుంచి సంఘం తీర్మానం ఒక్కటే: మగాడి చెయ్యి వద్దు.

"కానీ ఆడమనిషి చేతిని ఏ మగాడూ తువాలు కిందికి రానీడు" అంది సువార్త.

"ధర పైకి చెప్పమందాం!" అన్నాను. "రహస్యంగా బేరమాడడమే అన్యాయానికి మూలం. రేపు నేను మాట్లాడతాను."

ఎస్తేరమ్మ ఆశగా చూసింది.

సంత

మా వైపు సంతలో అరుపులు మొదట వినబడతాయి. ఇక్కడ వేలమంది జనం, వందల పశువులు ఉన్నా బేరం మాత్రం నిశ్శబ్దం. ఇద్దరు మగవాళ్ళు కరచాలనం చేస్తున్నట్టు నిలబడి, చేతుల మీద తువాలు కప్పుకుని, ఎటో చూస్తూ ఉంటారు. ఒకడు తల అడ్డంగా ఊపుతాడు. ఇంకొకడు నవ్వుతాడు. కింద ఏం జరుగుతోందో ముఖాల్లో కనబడదు.

బ్యాంకు ఫీల్డాఫీసరు ముందే వచ్చి నిలబడ్డాడు. బేరం తెగితే ఆయన చీటీ రాసిస్తాడు, అమ్మినవాడు ఆ చీటీ పట్టుకుని రోడ్డవతల బ్యాంకులో సొమ్ము తీసుకోవాలి. మాటిమాటికి గడియారం చూసుకుంటున్నాడు. ఎస్తేరమ్మ ఎన్నో పశువులను చూసి, పళ్ళు చూసి, పొదుగు తడిమి, చివరికి ఒక బర్రె దగ్గర ఆగింది. రెండో ఈత, కింద దూడ. దాని యజమాని తెల్ల మీసాల పెద్దమనిషి. మధ్యవర్తి మస్తాను, ఆ సంతలోకెల్లా ముసలివాడైన దళారి. ఈ సంఘం ఆడవాళ్ళు అతన్ని నమ్ముతారు.

"మస్తానన్నా, బేరం నేనే ఆడతా" అంది ఎస్తేరమ్మ.

మస్తాను తువాలు భుజం మీద సర్దుకున్నాడు. "ఎట్టాగమ్మా? నీ చెయ్యి నేను పట్టుకుంటే మా ఇంట్లో అన్నం పెట్టరు. ఆయన పట్టుకుంటే ఆయన ఇంట్లో పెట్టరు."

నా వంతు వచ్చిందని ముందుకు వెళ్ళాను. "చేతులు ఎందుకండీ? ధర పైకి చెప్పండి. నిజాయితీగల ధరకు ముసుగు ఎందుకు?"

"ఏ ఊరమ్మా నీది?" అని మస్తాను మర్యాదగానే అడిగాడు. "చూడమ్మా. గొడ్డును అమ్మేవాడు సంతోషంగా అమ్మడు. ఇంట్లో జబ్బు చేసి అమ్ముతాడు, అప్పులోడు వాకిట్లో కూర్చుంటే అమ్ముతాడు. ఎంత తగ్గాడో సంతలో అందరికీ తెలిస్తే, వచ్చే వారం వాడి ఇంకో గొడ్డుకీ అదే ధర కడతారు. ఈ తువాలు వాడి పరువు."

"ఆ తువాలు కిందే కదా క్రితం ఏడు వీళ్ళను మోసం చేశారు?"

"చేసింది తువాలు కాదమ్మా. దాని కింద చెయ్యి."

"అయితే చెయ్యి మార్చడానికి మీకు అభ్యంతరం దేనికి?"

"ఓర్నాయనో!" అని ఎవరో అన్నారు. జనం మూగారు. మస్తాను తల గోక్కున్నాడు. నాకు ఉత్సాహం వచ్చింది. నీళ్ళ తొట్టి గట్టెక్కి, మాట్లాడాను. బహిరంగ ధర వల్ల అమ్మేవాడికి లాభం, కొనేవాడికి లాభం, అప్పు ఇచ్చే బ్యాంకుకు లాభం, ఒకదాని మీద ఒకటి ఎక్కేలా వాదన కట్టాను. బాగా మాట్లాడాను. ఇప్పటికీ అదే అభిప్రాయం. జనం చప్పట్లు కూడా కొట్టారు. "అబ్బో, ఎలక్షన్‌లో నుంచోబెట్టండయ్యా!" అన్నారు.

గట్టు దిగేసరికి చుట్టుపక్కల అమ్మేవాళ్ళు పశువులను విప్పుకుని అవతలికి జరిగారు. తమ ధర నేను తొట్టి మీద నుంచి చదివేస్తానని భయపడ్డారేమో. తెల్ల మీసాల ఆయన కూడా పలుపు విప్పుకుని, బర్రెతో, దూడతో నడుస్తున్నాడు. ఎస్తేరమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది.

"బ్యాంకు కట్టేసే వేళవుతోంది మేడం" అన్నాడు ఫీల్డాఫీసరు. "ఇవాళ కాకపోతే ఇక నా చేతిలో ఏమీ ఉండదు."

సువార్త తెల్ల మీసాల ఆయన వెనక పరిగెత్తింది. "బాబాయ్! బాబాయ్, ఒక్క మాట."

ఆయన ఆగాడు. ఆమె నోరు తెరిచింది. ఎప్పటిలాగే మాట రాలేదు. పోటీలో ఈ చోటే నేను లోలోపల నవ్వుకునేదాన్ని. కానీ ఆయన మాత్రం వెళ్ళకుండా, ఆమె ఏం చెబుతుందా అని నిలబడ్డాడు. ఆమె అటూ ఇటూ చూసింది. పక్కన ఒకామె ఎండు మిరపకాయలు రాశిపోసి అమ్ముతోంది.

"మిరపకాయలు" అంది సువార్త.

"కొంటావా?" అన్నాడాయన.

"కాదు బాబాయ్. తట్టలో మిరపకాయలు. మీద తువాలు. చెయ్యీ చెయ్యీ తగలకుండా... తొడిమ ఉన్న కాయ వెయ్యి రూపాయలు, తొడిమ తీసింది వంద. మీరు పెట్టండి, ఆమె తీసుద్ది. అంతే." ఇంకేదో చెప్పాలని చూసి, "అంతేనండీ" అంది.

మస్తాను ముందుగా నవ్వాడు. "ఎవరి ఇంట్లోనూ అన్నం పెట్టడం మానరు దీనికి" అన్నాడు. తన తువాలే ఇచ్చాడు.

తట్ట నేల మీద పెట్టారు. ఒకవైపు ఎస్తేరమ్మ, ఒకవైపు ఆయన గొంతుక్కూర్చున్నారు. ఆయన చెయ్యి తువాలు కిందికి వెళ్ళి వచ్చింది. ఎస్తేరమ్మ చెయ్యి పెట్టి, ఎటో చూస్తూ, తొడిమలు తడుముకుంటూ ఎంచుకుంది, కొన్ని పిడికిట్లో పెట్టుకుని బయటికి తీసింది. ఆయన మళ్ళీ వేశాడు. ఆమె మళ్ళీ తీసింది. ఒకసారి ఆయన బర్రె పొదుగు వైపు వేలు చూపించి ఇంకొకటి వేశాడు. ఆమె ఊరికే నవ్వింది. వెనక నుంచి ఒక గొంతు, "ఏరా దానియేలూ, ఇయ్యాల నీ చెయ్యి ఖాళీనా?" అంది. దానియేలు రెండు చేతులూ చంకల్లో దాచుకుని, "నోరుముయ్యరా" అన్నాడు. అతను కూడా నవ్వాడు.

ఇంతలో పెద్దాయన తట్టలోంచి చెయ్యి తీసి మీసాలూ, అలవాటుగా కన్నూ తుడుచుకున్నాడు. క్షణంలో కళ్ళవెంట ధారగా నీళ్ళు.

"ఏం బావా, బర్రెను సాగనంపుతా ఏడుస్తున్నావా?"

"దీనెమ్మ, మిరపకాయరా!"

నవ్వులు ఆగలేదు. ఆ నవ్వుల్లోనే ఆయన ఒంటి కన్నుతో ఎస్తేరమ్మను చూసి, తల ఊపి, పలుపు ఆమె చేతికి ఇచ్చేశాడు. పలుపు ఇచ్చాడంటే బేరం తెగినట్టే. మస్తాను వెళ్ళి ఫీల్డాఫీసరు చెవిలో ధర చెప్పాడు. ఆఫీసరు చీటీ రాసి, మడిచి, పెద్దాయనకు ఇచ్చాడు. ఎస్తేరమ్మ పలుపు పట్టుకుని దూడ మూతి తుడిచింది.

సంత అంతా సువార్త చుట్టూ మూగింది. ఎవరో ఆమెకు సోడా కొట్టి ఇచ్చారు. నా చేతికి కూడా ఒకటి ఇచ్చారు. చల్లగానే ఉంది. పక్కనున్న ఒక పిల్లవాడికి ఇచ్చేశాను.

తిరుగుదారి

బర్రెనూ దూడనూ చిన్న లారీ ఎక్కించి, దానియేలును తోడుంచి, ఆడవాళ్ళం వెనకాల ఏడుసీట్ల ఆటోలో బయలుదేరాము. సీట్లకంటే మేమే ఎక్కువ. ఖాశింబీ అడిగింది: "రేపు మందుల కొట్టాయన బండి కల్లంలోకొస్తే ఏం చెప్తావే ఎస్తేరూ?"

"కాయ గుంటూరు పోతంది, పాల డబ్బులు మీ ఇంటికొస్తాయి, బండి వెనక్కి తిప్పుకోండి అని చెప్తా."

"బండికి అడ్డంగా మేమూ కూర్చుంటాంలే. చాపలు ఉన్నాయిగా!"

నవ్వి నవ్వి, వాళ్ళకు గుర్తొచ్చింది. "ఇంతకీ ఎంతకు తెగింది?"

ఎస్తేరమ్మ డ్రైవరు వంక ఒకసారి చూసింది. చీర కొంగు తన చేతి మీద కప్పుకుని, పక్కనున్న ఖాశింబీ చేతిని కిందికి లాక్కుంది. కొంగు కింద ఏదో కదిలింది. ఖాశింబీ కళ్ళు పెద్దవి చేసి, "అంతేనా! అమ్మ దొంగా!" అంది. ఆమె తన పైట కప్పుకుని పక్కామె చెయ్యి పట్టుకుంది. ఆ పక్కామె ఇంకొకరిది. మగవాళ్ళు ఇన్నేళ్ళూ తమలో తాము పెట్టుకున్న ఆ వేళ్ళ భాష ఆటోలో ఒక చేతి నుంచి ఇంకో చేతికి నడిచింది. ప్రతి చేతి దగ్గరా ఒక నవ్వు. చివరికి సువార్త దగ్గరికి వచ్చింది. సువార్త తల వంచుకుని, వేళ్ళు లెక్కపెట్టుకుని, పెదవులు బిగించి నవ్వింది.

ఆమె పక్కన నేను. నా చెయ్యి నాకు తెలియకుండానే ఒడిలోంచి కొంచెం ముందుకు వచ్చింది.

"ఈ అమ్మాయికి కూడా చెప్పండే, పాపం" అంది ఎవరో.

"వద్దే తల్లీ" అంది ఎస్తేరమ్మ. "ఆ పిల్ల తొట్టెక్కి చెప్పుద్ది!"

అందరూ విరగబడి నవ్వారు. అందులో ఎగతాళి తక్కువ, ముద్దే ఎక్కువ. నేనూ నవ్వాను. నా సూత్రం ప్రకారం ఆ ధర అందరికీ తెలియాలి. వాళ్ళ పద్ధతిలో తెలియవలసిన వాళ్ళందరికీ తెలిసింది, ఒక్కరు కూడా మిగలలేదు, ఒక్కరినీ మోసగించడానికి చోటు లేదు. వాదనకు నా దగ్గర ఇంకా ఏదో ఉండే ఉంటుంది. ఆ ఆటోలో మాత్రం నాకు వాదించాలనిపించలేదు. వాళ్ళలో ఒకరి చెయ్యి కావాలనిపించింది.

సువార్త చెయ్యి నా మోకాలి పక్కనే ఉంది, ఇంకా మూసిన పిడికిలి. అడిగితే చెప్పేది. ఆమె అటువంటి మనిషే. వినుకొండ కొండ కనబడేదాకా ఆ పిడికిలి వంకే చూస్తూ కూర్చున్నాను. అడగలేదు.